జర్మనీకి వెళ్తున్న కుటుంబాలకు: పిల్లలను ప్రభుత్వ బడిలో చేర్చాలా, ఇంటర్నేషనల్ స్కూల్లోనా?

మ్యూనిక్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగం ఖాయమైందనగానే ఇంట్లో మాటలన్నీ జీతం, వీసా, అద్దె చుట్టూ తిరుగుతాయి. పిల్లల బడి సంగతి టికెట్లు కొన్నాక గుర్తొస్తుంది. అప్పటికే ఏదో ఒక ఇంటికి సరేనని సంతకం పెట్టి ఉంటారు. ఈ వరుస మార్చుకోవాలి. మ్యూనిక్ ఉన్న బవేరియా లాంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ ప్రాథమిక బడిని ఇంటి చిరునామాను బట్టి కేటాయిస్తారు. అక్కడ ఇల్లు ఎంచుకున్నారంటే బడిని కూడా ఎంచుకున్నట్టే. డ్యూసెల్‌డార్ఫ్, కొలోన్ ఉన్న నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలో తల్లిదండ్రులు వేరే బడి కోరుకునే వీలుంది, సీట్లు మిగిలితేనే.

జర్మనీలో చదువు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. పదహారు రాష్ట్రాలు, ఎవరి పద్ధతి వారిది. అక్కడి బడులు ఎలా ఉంటాయని తెలిసినవాళ్లను అడిగితే వాళ్లు చెప్పేది తాము ఉంటున్న రాష్ట్రం గురించే. బెర్లిన్ స్నేహితుడి సలహా స్టుట్‌గార్ట్‌కు వెళ్లేవారికి సగమే పనికొస్తుంది.

ఈ నిర్ణయాన్ని తేల్చేవి రెండే విషయాలని నా నమ్మకం: దిగేనాటికి బిడ్డ వయసు ఎంత, అక్కడ ఎన్నేళ్లు ఉండబోతున్నారు. ఫీజు మూడోది. ఇంగ్లీషు మీడియం ఉందా లేదా అని మనవాళ్లు అన్నిటికంటే ముందు అడుగుతారు, నిజానికి అది ఆ మూడింటి తర్వాతే చూడాల్సిన విషయం.

ఇంకో మాట ముందే చెప్పాలి. బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టి ఆన్‌లైన్‌లో సీబీఎస్ఈ చదివించి, రెండేళ్లయ్యాక తిరిగి హైదరాబాద్ తీసుకెళ్దామనుకునేవాళ్లు ఉన్నారు. జర్మనీలో అది కుదరదు. అక్కడ బడి ఈడు పిల్లలందరూ బడికి వెళ్లి తీరాలి, ఇంటి చదువును బడి చదువుగా చట్టం ఒప్పుకోదు. ఆన్‌లైన్ పాఠాలు సాయంత్రాలకు అదనంగా పెట్టుకోవచ్చు, అంతే.

ప్రభుత్వ బడి

ఫీజు లేదు. విదేశీయులకైనా స్థానికులకైనా ఒకటే. ప్రభుత్వ బడి అనగానే మన దగ్గర కలిగే సంకోచం ఇక్కడ అక్కరలేదు, ఎందుకంటే డాక్టర్ల పిల్లలు, బస్సు డ్రైవర్ల పిల్లలు అదే వీధి బడికి వెళ్తారు. బిడ్డ ఆరేళ్లకు ఒకటో తరగతిలో చేరుతుంది. ఆరేళ్లు ఏ తేదీలోపు నిండాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మన దగ్గర ఐదేళ్లకే ఒకటో తరగతిలో కూర్చున్న బిడ్డను అక్కడ మళ్లీ కిండర్‌గార్టెన్‌కు పంపవచ్చు. అక్కడ అక్షరాలు దిద్దించరు, ఎక్కాలు చెప్పించరు. ఆడిస్తారు, వానలో కూడా బయట తిప్పుతారు, పాడిస్తారు. ఏడాది పోయిందని కంగారుపడే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే: ఆ ఏడాదిలో బిడ్డ నోటికి జర్మన్ వస్తుంది. ఏ ట్యూషన్ పెట్టినా అంత బాగా రాదు.

ప్రాథమిక బడి పేరు గ్రుండ్‌షూలే. తరగతులు పొద్దున ఎనిమిది ప్రాంతంలో మొదలై చాలా చోట్ల మధ్యాహ్నానికే అయిపోతాయి. తల్లీతండ్రీ ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే అసలు సమస్య ఇక్కడుంది. బడి అయ్యాక పిల్లలను చూసుకునే హోర్ట్ అనే కేంద్రాలున్నాయి, వాటిలో సీటు దొరకడం కొన్ని నగరాల్లో బడి సీటుకంటే కష్టం. 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతి పిల్లలకు రోజంతా సంరక్షణ పొందే హక్కును చట్టం ఇస్తోంది. ఏటా ఒక్కో తరగతికి పెంచుతూ నాలుగో తరగతి దాకా అమలు చేస్తారు. చట్టం ఉన్నంత మాత్రాన మీ వీధిలో గదులు, మనుషులు సిద్ధంగా ఉండరు కాబట్టి బడిలో పేరు రాయించే రోజునే దీని గురించీ అడగండి.

పేరు రాయించే ఫారంలో ఒక గడి దగ్గర మనవాళ్లు ఆగిపోతారు. మతం తరగతి కావాలా, నీతిశాస్త్రం తరగతి కావాలా అని చాలా రాష్ట్రాల్లో అడుగుతారు. మతం అంటే ఎక్కువగా క్యాథలిక్ లేదా ప్రొటెస్టెంట్ బోధన. మన కుటుంబాలు ఎక్కువగా రెండోది రాస్తాయి, అందులో ఇబ్బంది ఏమీ లేదు.

భాష రాని పిల్లల కోసం ప్రత్యేక తరగతులుంటాయి. బెర్లిన్‌లో వీటిని స్వాగత తరగతులంటారు, బవేరియాలో జర్మన్ తరగతులు, ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్న హెస్సెలో ఇంటెన్సివ్ తరగతులు. కొన్నిచోట్ల ఒకటో, రెండో తరగతి పిల్లలను నేరుగా మామూలు తరగతిలోనే కూర్చోబెట్టి రోజుకు గంటో రెండు గంటలో విడిగా భాష నేర్పుతారు. చిన్నపిల్లలకు ఇదే మేలు. విడి తరగతిలో అందరూ కొత్తవాళ్లే అయినప్పుడు ఆట స్థలంలో మాట్లాడే జర్మన్ వాళ్లకు వినపడదు. ఏ పద్ధతి అనుసరిస్తారని, విడి తరగతి నుంచి మామూలు తరగతిలోకి ఎప్పుడు మారుస్తారని ప్రధానోపాధ్యాయుడిని సూటిగా అడగాలి.

మార్కుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలివైన మన పిల్లలు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. గ్రేడు 1 అంటే అన్నిటికంటే మంచిది, 6 అంటే తప్పడం. రాత పరీక్షతో పాటు తరగతిలో చేయెత్తి మాట్లాడటానికీ గ్రేడు ఉంటుంది. పెద్ద తరగతుల్లో కొన్ని రాష్ట్రాల్లో మొత్తం గ్రేడులో సగం దాకా దానిదే. టీచరు అడిగితేనే సమాధానం చెప్పాలని, అడగకుండా నోరెత్తకూడదని పెరిగిన బిడ్డ లెక్కల పరీక్షలో 1 తెచ్చుకుని కూడా ఏడాది చివర 3తో ఇంటికి రావచ్చు. ‘మీ అమ్మాయి చాలా బాగా రాస్తుంది, కానీ మాట్లాడదు’ అని టీచరు అంటే దాన్ని మెచ్చుకోలుగా తీసుకోవద్దు. సరిగ్గా చెప్పినా తప్పు చెప్పినా రోజుకు రెండుసార్లు చేయెత్తాలని ఇంట్లో ముందునుంచే అలవాటు చేయండి.

తల్లిదండ్రులకూ పని ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు సాయంత్రం పూట సమావేశం పెడతారు. పిల్లల చిట్టి కుర్చీల్లో పెద్దలు మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటారు, ముందున్న బల్ల మీద బిడ్డ చేత్తో రాసిన పేరు అట్ట ఉంటుంది. మాటలన్నీ జర్మన్‌లోనే. విహారయాత్రకు ఎంత కట్టాలి, మూడో తరగతిలో ఈత తరగతి ఏ రోజు, నాలుగో తరగతిలో పోలీసులు పెట్టే సైకిల్ పరీక్షకు ఏం తేవాలి, అన్నీ అక్కడే తేలుతాయి. భాష రాదని మానేయకండి. పక్కవారిని అడిగితే ఇంగ్లీషులో చెబుతారు. ఆ పరిచయాల వల్లే మీ బిడ్డకు పుట్టినరోజు పిలుపులు వస్తాయి.

నాలుగో తరగతి అనే మలుపు

ప్రభుత్వ బడిని ఎంచుకునేవారు దీన్ని అర్థం చేసుకోకుండా ముందుకు వెళ్లకూడదు. నాలుగో తరగతి చివర పిల్లలను వేర్వేరు బడులకు పంపుతారు. బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్‌లలో మాత్రం ఆరో తరగతి చివర. యూనివర్సిటీకి నేరుగా దారితీసేది గిమ్నాజియం, దాని చివరి పరీక్ష ఆబిటూర్. దాని తర్వాతి మెట్టు, మధ్యస్థాయి బడి రియాల్‌షూలే. వృత్తి విద్య వైపు మొగ్గేది బవేరియాలో మిట్టెల్‌షూలే. అందరినీ కలిపి చదివించే గెజాంట్‌షూలే కొన్ని రాష్ట్రాల్లో ఉంది.

బవేరియాలో నిబంధన గట్టిది. నాలుగో తరగతిలో జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం ఈ మూడింటి సగటు 2.33 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే గిమ్నాజియం, 2.66 వరకు రియాల్‌షూలే. సగటు అంతకంటే పేలవంగా ఉంటే ప్రయోగాత్మక తరగతులు, పరీక్షలు. జర్మన్ మాతృభాష కాని, ఆలస్యంగా వచ్చి చేరిన పిల్లలకు కొంత సడలింపు ఉంది, దాన్ని అడిగి తెలుసుకోవాలి. నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలో బడి సిఫారసు చేస్తుంది గానీ ఆఖరి మాట తల్లిదండ్రులదే. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్ వ్యుర్టెంబెర్గ్ ఇటీవలే నిబంధనను మళ్లీ బిగించింది.

తొమ్మిదిన్నరేళ్ల బిడ్డ మూడో తరగతి సగంలో దిగితే, ఏడాదిన్నరలో భాష నేర్చుకుని ఆ భాషలోనే ఈ సగటు తెచ్చుకోవాలి. అది కొందరికి సాధ్యమవుతుంది, చాలామందికి కాదు. అందులో బిడ్డ తెలివికి సంబంధించింది ఏమీ లేదు.

అయితే గిమ్నాజియం రాకపోతే బిడ్డ భవిష్యత్తు పోయిందని కుమిలిపోయే తల్లిదండ్రులు ఆ బాధను బిడ్డ మీద వేస్తారు. అది చూడలేం. రియాల్‌షూలే పూర్తిచేసి పై తరగతుల బడిలో చేరి యూనివర్సిటీకి వెళ్లే దారి ఉంది. గెజాంట్‌షూలేలో ఉంటూనే చాలా చోట్ల ఆబిటూర్ రాయవచ్చు. పని నేర్చుకుంటూ జీతం తీసుకునే వృత్తి శిక్షణకు జర్మనీలో ఉన్న గౌరవం మన ఐటీఐకి మనం ఇచ్చే గౌరవంతో పోల్చలేనిది.

ఇంటర్నేషనల్ స్కూలు

మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, స్టుట్‌గార్ట్, బెర్లిన్ చుట్టుపక్కల పేరున్న ఇంటర్నేషనల్ స్కూళ్లున్నాయి. చాలావరకు ఊరి బయట ఉంటాయి. బోధన ఇంగ్లీషులో, చివర పన్నెండో తరగతి స్థాయి అంతర్జాతీయ పట్టా ఐబీ డిప్లొమా. మధ్యలో వచ్చిన బిడ్డ మొదటి రోజు నుంచే పాఠం అర్థం చేసుకుంటుంది. సింగపూర్‌కో దుబాయ్‌కో మళ్లీ బదిలీ అయితే అదే పద్ధతి అక్కడా దొరుకుతుంది. టీచర్లకు కొత్త పిల్లలు రావడం, పోవడం అలవాటే.

ఫీజు ఏడాదికి సుమారు 15,000 నుంచి 25,000 యూరోలు, పైగా చేరేటప్పుడు కట్టే రుసుము, బస్సు. 2025లో, ఉన్నత చదువున్న విదేశీ ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డుకు కావలసిన సాధారణ కనీస జీతం పన్నులకు ముందు ఏడాదికి 48,300 యూరోలు. ఇద్దరు పిల్లలకు చెరి ఇరవై వేలు కడితే ఆ జీతం దాదాపు అక్కడికే సరి. కాబట్టి కంపెనీ ఫీజు కడితే తప్ప చాలా కుటుంబాలకు ఇది అందే దారి కాదు. కంపెనీ కట్టినా అది సాధారణంగా జీతం కిందే లెక్కకొచ్చి దానిమీద పన్ను పడుతుంది, ఆ పన్ను ఎవరు భరిస్తారో ఒప్పందంలో రాయించుకోండి. ఎన్నేళ్లు కడతారో కూడా. రెండేళ్లు కట్టి ఆపేస్తే, పదకొండేళ్ల బిడ్డ జర్మన్ రాకుండా ప్రభుత్వ బడి గడప తొక్కాల్సి వస్తుంది. ఇంటర్నేషనల్ స్కూలు వల్ల జరిగే అతి పెద్ద నష్టం ఇదేనని నా అభిప్రాయం. సొంతంగా కట్టేవారికి గుర్తింపు ఉన్న బడి ఫీజులో 30 శాతం, బిడ్డకు ఏడాదికి 5,000 యూరోలు మించకుండా, ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపు దొరుకుతుంది.

ఇంకొకటి, పిల్లలు చెప్పలేనిది. ఊరి బయటి స్కూలుకు బస్సులో వెళ్లొచ్చే బిడ్డకు తన వీధిలో స్నేహితులుండరు. తోటి పిల్లల కుటుంబాలు రెండు మూడేళ్లకు వేరే దేశం వెళ్లిపోతుంటాయి.

ఐబీ చదివి జర్మన్ యూనివర్సిటీలో చేరాలంటే సబ్జెక్టుల ఎంపికకు షరతులున్నాయి. ఉదాహరణకు లెక్కలు లేదా ప్రకృతి శాస్త్రాల్లో కనీసం ఒకటి పై స్థాయిలో తీసుకుని ఉండాలి. పదకొండో తరగతిలో సబ్జెక్టులు రాసిచ్చేముందే చూసుకోవాలి.

మధ్యే మార్గం

జర్మన్, ఇంగ్లీషు రెండింటిలో బోధించే బడులున్నాయి. ప్రైవేటులో ఫోర్మ్స్ లాంటి సంస్థలు బెర్లిన్, మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, హాంబర్గ్‌లలో నడుపుతున్నాయి. ప్రభుత్వ బడికి బదులుగా నడిచే ప్రైవేటు బడులు డబ్బును బట్టి పిల్లలను వేరుచేయకూడదని జర్మన్ రాజ్యాంగం ఏడో అధికరణ చెబుతుంది. అందుకే వీటిలో చాలావాటి ఫీజు తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి మారుతుంది, ఇంటర్నేషనల్ స్కూలు ఫీజుకంటే బాగా తక్కువ. బెర్లిన్‌లో ప్రభుత్వమే నడిపే నెల్సన్ మండేలా స్కూలు, జాన్ ఎఫ్ కెన్నెడీ స్కూలు, 1992 నుంచి ఉన్న యూరోపా బడులు రెండు భాషల్లో ఉచితంగా చెబుతాయి. సీట్లకు గట్టి పోటీ ఉంటుంది. ఒకటో తరగతిలో చేరడం సులువు, ఐదో తరగతిలో చేరాలంటే రెండు భాషలూ వచ్చి ఉండాలని అడిగే బడులే ఎక్కువ. చిన్నపిల్లలున్నవారికి సీటు దొరికితే నేను రెండో ఆలోచన లేకుండా తీసుకోమంటాను.

వయసును బట్టి నా సలహా

ఏడేళ్లలోపు: ప్రభుత్వ బడి లేదా రెండు భాషల బడి. రెండేళ్లకే తిరిగొచ్చేసినా నష్టం లేదు.

ఎనిమిదేళ్లు: ఇంకా ప్రభుత్వ బడే. ఒక తరగతి తగ్గించి చేర్చుకుంటామని బడివాళ్లంటే పట్టుదలకు పోవద్దు. నాలుగో తరగతికి ముందు దొరికే ఆ అదనపు ఏడాది వరం లాంటిది.

తొమ్మిది నుంచి పదకొండు: అన్నిటికంటే కష్టమైన వయసు. బెర్లిన్‌కీ మ్యూనిక్‌కీ మధ్య ఎంచుకునే అవకాశం ఉద్యోగంలో ఉంటే బెర్లిన్ తీసుకోండి, ఆరో తరగతి దాకా ఊపిరి పీల్చుకునే సమయం ఉంటుంది. నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలో గెజాంట్‌షూలే మంచి దారి. ఏడాది ముందే బయల్దేరగలిగితే బయల్దేరండి, ఆలస్యం మాత్రం చేయకండి.

పన్నెండు నుంచి పద్నాలుగు: ఐదేళ్లకు పైగా ఉండే ఉద్దేశం ఉంటే ప్రభుత్వ బడి, విడి భాషా తరగతి, ఓపిక. మూడేళ్లలో తిరిగొచ్చేస్తామంటే, కంపెనీ కడితే, ఇంటర్నేషనల్ స్కూలు.

పదిహేను దాటాక జర్మన్ మాధ్యమంలోకి దించడం బిడ్డకు అన్యాయం. ఐబీ చదివించగలిగితే సరే. లేకపోతే పదో తరగతి బోర్డు పరీక్షను మధ్యలో వదిలేయించి తీసుకెళ్లవద్దు, రాయించాకే బయల్దేరండి. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న బిడ్డను అమ్మమ్మ ఇంట్లోనో హాస్టల్లోనో ఆ కొన్ని నెలలు ఉంచడం తప్పేమీ కాదు. ఏడెనిమిదేళ్ల బిడ్డను మాత్రం అలా వదిలి వెళ్లకండి. ఇంటర్ పూర్తయ్యాక జర్మన్ యూనివర్సిటీలో నేరుగా చేరడం సాధారణంగా కుదరదు. మన దేశంలో ఒక ఏడాది డిగ్రీ చదివి ఉండాలి, లేదా జేఈఈ అడ్వాన్స్‌డ్ ఉత్తీర్ణత చూపాలి. ఈ లెక్క తెలియక ఇంటర్ అవగానే పిలిపించుకుందామనుకునేవారు ఉన్నారు.

తిరిగి రావలసి వస్తే

సీబీఎస్ఈలో పది, పన్నెండు తరగతుల్లోకి నేరుగా చేరడం కష్టం. తొమ్మిదో తరగతికో పదకొండుకో ముందే రావాలి. వైద్య విద్య ఆలోచన ఉంటే ఇంకా ముందు చూడాలి. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లు రాష్ట్రంలో చదివితేనే స్థానికులన్న నిబంధనను తెలంగాణ 2024లో తెచ్చింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. నీట్ రాయించాలనుకునే తెలంగాణ తల్లిదండ్రులు ఎనిమిదో తరగతి అయ్యేలోపు తేల్చుకోక తప్పదు. ఆంధ్రప్రదేశ్ వారు తమ రాష్ట్ర స్థానికత నిబంధనలు చదువుకోవాలి.

సూట్‌కేసులో పెట్టుకోవలసినవి

తట్టు టీకా రెండు డోసులు వేయించినట్టు రుజువు. 2020 మార్చి నుంచి ఇది లేకుండా బడిలోనూ కిండర్‌గార్టెన్‌లోనూ పేచీ వస్తుంది. మన మీజిల్స్ రుబెల్లా టీకా లెక్కకొస్తుంది, కార్డు మీద తేదీలు, ఆసుపత్రి ముద్ర స్పష్టంగా ఉండాలి. గత రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, టీసీ, జనన ధ్రువపత్రం. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, బడి వ్యవహారం ఆ కాగితంతోనే మొదలవుతుంది.

సెలవుల విషయంలో బంధువులకు ముందే చెప్పి ఉంచండి. బడి నడుస్తుండగా పెళ్లికని పిల్లలను తీసుకెళ్లడానికి అనుమతి సులభంగా దొరకదు, చెప్పకుండా వెళ్తే జరిమానా ఉంటుంది. 2018లో బవేరియాలో సెలవులకు ముందు విమానాశ్రయంలో పోలీసులు బడి ఈడు పిల్లలున్న కుటుంబాలను ఆపి అడిగారు. క్రిస్మస్ సెలవులు సంక్రాంతికి ముందే ముగుస్తాయి. దసరా కొన్ని రాష్ట్రాల్లో, కొన్ని ఏళ్లు శరదృతువు సెలవుల్లో పడుతుంది. వేసవి సెలవులు ఆరు వారాలు, ప్రతి రాష్ట్రానికీ తేదీలు వేరు.

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇద్దరినీ ఒకే బడికి పంపాలన్న పట్టుదల అక్కర్లేదు. పదమూడేళ్ల అక్క ఇంటర్నేషనల్ స్కూల్లో, ఆరేళ్ల తమ్ముడు వీధి చివరి గ్రుండ్‌షూలేలో చదివే కుటుంబాలు ఉన్నాయి. పొద్దున హడావిడి పెరుగుతుంది, సెలవుల తేదీలు కలవవు. కానీ ఒకరి అవసరం కోసం ఇంకొకరి చదువును వంచాల్సిన పని ఉండదు, ఒక ఫీజు మిగులుతుంది, తమ్ముడు తెచ్చిన జర్మన్ ఆరు నెలల్లో అక్క నోటికీ అంటుతుంది.